కరెంటు, గ్యాస్ ఖర్చులో సర్కారు సాయం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరికి ఏది వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

రైస్ కార్డు ఉన్న ఇంటికి కరెంటు, గ్యాస్ ఖర్చులో ప్రభుత్వ సాయం మూడు దారుల్లో వస్తుంది. ఒకటి, ఎస్సీ, ఎస్టీల్లాంటి కొన్ని వర్గాలకు కరెంటు బిల్లులో ఉచిత యూనిట్లు. రెండు, రాష్ట్రం ఇచ్చే దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు ఉచిత గ్యాస్ సిలిండర్లు. మూడు, మిద్దె మీద సోలార్ పెట్టుకుంటే సబ్సిడీ. అర్హత ఉండి కూడా ఇవి అందని ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. కారణం వెతికితే చాలాసార్లు ఒకటే బయటపడుతుంది. కరెంటు మీటరు ఒకరి పేర, రైస్ కార్డు ఇంకొకరి పేర, గ్యాస్ మరొకరి పేర ఉంటాయి. బ్యాంకు ఖాతాకేమో ఆధార్ కలిసి ఉండదు. కంప్యూటరుకు మీ పేదరికం కనపడదు, నంబర్లు కలిశాయా లేదా అన్నదే కనపడుతుంది. అందుకే అర్జీ పెట్టే ముందు కాగితాలు సరిచేసుకోండి.

ముందు బిల్లు చేతిలోకి తీసుకోండి

ఇంట్లో ఉన్న చివరి రెండు మూడు కరెంటు బిల్లులు తీయండి. లేకపోతే 95523 00009 నంబరుకు వాట్సాప్‌లో హాయ్ అని పంపండి. అది ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర సేవ. అందులో విద్యుత్ సేవలు ఎంచుకుని సర్వీస్ నంబరు కొడితే బాకీ ఎంతో కనిపిస్తుంది.

బిల్లు పైన కంపెనీ పేరు చూడండి. నెల్లూరు వైపు సరఫరా చేసేది తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్. ఒంగోలు వైపు చూసుకునేది విజయవాడ కేంద్రంగా ఉన్న సీపీడీసీఎల్. సీపీడీసీఎల్ 2019 చివర్లో పుట్టింది. అంతకు ముందు ఒంగోలు కూడా తిరుపతి కిందే ఉండేది, అందుకే పాత బిల్లుల మీద ఎస్పీడీసీఎల్ పేరు కనిపిస్తుంది. జిల్లాల సరిహద్దులు మారిన మండలాల వాళ్లు జిల్లా పేరు చూసి ఆఫీసుకు పోవద్దు, బిల్లు మీద ఏ కంపెనీ ఉందో ఆ ఆఫీసుకే పోవాలి. లేకపోతే ఇటు అటు తిప్పుతారు.

తర్వాత చూడాల్సినవి: 13 అంకెల సర్వీస్ నంబరు, సర్వీసు ఎవరి పేర ఉంది, కేటగిరీ, పోయిన నెల రీడింగ్, ఈ నెల రీడింగ్, రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు, మీటరు స్థితి. ఇంటి మీటరుకు కేటగిరీ ఒకటి అని ఉండాలి. ఇంటి ముందు చిన్న బంకు పెట్టుకున్నప్పుడు దాన్ని కమర్షియల్‌గా మార్చి, బంకు తీసేశాక కూడా అలాగే వదిలేసిన సర్వీసులు ఉంటాయి. వాటికి ఇంటికిచ్చే రాయితీ ఏదీ పడదు, పైగా యూనిట్ ధర కూడా ఎక్కువే.

ఇంటి వాడకానికి 2025-26 ధరలు ఇలా ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 76 నుంచి 125 దాకా నాలుగున్నర, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. కిలోవాట్ లోడుకు నెలకు 10 రూపాయల స్థిర ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీ వేరుగా కలుస్తాయి. ఒక్క యూనిట్ దాటినందుకు బిల్లు మొత్తం పై ధరకు పోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, దాటిన యూనిట్లకు మాత్రమే పై ధర. లెక్క వేసి చూడండి. 75 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ ఛార్జీ 192 రూపాయలు. 125కు 417. 200కు 867. 250 అయితే 1,235 దాటుతుంది. ఉచిత యూనిట్లు అందని ఎస్సీ ఇల్లు నెలకు ఎంత పోగొట్టుకుంటోందో దీన్ని బట్టే తెలుస్తుంది.

వేసవి మొదట్లో కొన్ని బిల్లుల్లో ఏసీడీ అని ఒక మొత్తం వస్తుంది. అది జరిమానా కాదు. మీ వాడకం పెరిగితే కట్టించుకునే డిపాజిట్. మీ పేరనే ఉంటుంది, దాని మీద వడ్డీ కూడా బిల్లులో సర్దుతారు.

సర్వీసు చనిపోయినవాళ్ల పేర ఉంటే

మనవాళ్ల ఇళ్లలో సగం చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. తాత పేరో, ఇల్లు అమ్మినాయన పేరో, కాలనీ కట్టించినప్పటి లబ్ధిదారు పేరో అలాగే నడుస్తూ ఉంటుంది. బిల్లు కట్టినంత కాలం ఎవరూ అడగరు. ఉచిత యూనిట్లకో, సోలార్‌కో వెళ్లినప్పుడు అడుగుతారు.

పేరు మార్పిడికి సచివాలయంలో గానీ, మీసేవలో గానీ, విద్యుత్ శాఖ కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో గానీ దరఖాస్తు ఇవ్వొచ్చు. కొన్న ఇల్లయితే రిజిస్టర్డ్ డాక్యుమెంటు నకలు. వారసత్వమైతే మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న కాగితం. వీటితోపాటు ఆధార్, తాజా బిల్లు. పాత బాకీ ఉంటే ముందు కట్టాలి, లేకపోతే దరఖాస్తు కదలదు. అన్నదమ్ములు విడిపోయి ఒకే మీటరు మీద ఉంటే ఎవరి వాటాకు వాళ్లు వేరే సర్వీసు తీసుకోవడం మంచిది. రెండు కుటుంబాల వాడకం ఒక మీటరులో పడితే ఇద్దరూ పై స్లాబులో కట్టాల్సి వస్తుంది, ఉచిత యూనిట్లు ఉన్నా తొందరగా అయిపోతాయి.

పేర్లలో అక్షరాల తేడా కూడా చూసుకోండి. బిల్లులో 'వెంకటసుబ్బమ్మ', ఆధార్‌లో 'సుబ్బమ్మ' అని ఉంటే మనకు ఒకే మనిషి, కంప్యూటరుకు ఇద్దరు. మార్చడం తేలికైన చోట మార్చండి. చాలావరకు బిల్లులో పేరు ఆధార్‌కు తగ్గట్టు మార్చుకోవడమే సులువు.

ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్లు

జగ్జీవన్ జ్యోతి కింద ఎస్సీ, ఎస్టీ గృహాలకు ఉచిత పరిమితిని 2019లో 100 నుంచి 200 యూనిట్లకు పెంచారు. ఆ డబ్బు ప్రభుత్వం డిస్కంకు, అంటే కరెంటు సరఫరా చేసే కంపెనీకి కడుతుంది. బిల్లు వస్తుంది గానీ అందులో ప్రభుత్వ సబ్సిడీ అని తీసివేత కనిపించాలి. కనిపించకపోతే మీ సర్వీసు జాబితాలో లేనట్టే.

జాబితాలో ఎక్కేది ఎలాగో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. మీరు కాగితాలు ఇచ్చేది సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటుకు, అంటే ఊళ్లో అందరూ జూనియర్ లైన్‌మన్ అనే ఆయనకు, లేదా విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసులో ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు. ఏఈ వాటిని చూసి ఈఆర్‌ఓ అనే రెవెన్యూ ఆఫీసుకు పంపుతారు. బిల్లింగ్ కంప్యూటరులో మీ సర్వీసుకు ఎస్సీ, ఎస్టీ గుర్తు పెట్టేది అక్కడే. కాబట్టి 'లైన్‌మన్‌కి ఇచ్చాను' అంటే పని సగమే అయినట్టు. రెండు వారాల తర్వాత ఏఈ ఆఫీసుకు పోయి, 'ఈఆర్‌ఓకి పంపారా, ఏ తేదీన' అని అడగండి. ఆ తేదీ రాసుకోండి. పంపేశామంటే, ఈఆర్‌ఓలో ఆ తేదీ చెప్పి అడగండి.

ఇవ్వాల్సినవి: ఇంటి యజమాని పేరుతో కుల ధ్రువపత్రం నకలు, ఆధార్ నకలు, రైస్ కార్డు నకలు, తాజా కరెంటు బిల్లు నకలు, తెల్ల కాగితం మీద అర్జీ. అర్జీలో సర్వీస్ నంబరు, ఫోన్ నంబరు తప్పకుండా రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ వేయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. ఇది పట్టుపట్టాల్సిన విషయం. నోటిమాటగా ఇచ్చిన అర్జీ మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

కుల ధ్రువపత్రం లేకపోతే సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ దగ్గర దరఖాస్తు ఇస్తే వీఆర్వో విచారణ చేసి తహసీల్దార్‌కు పంపుతారు. నెల్లూరు జిల్లాలో యానాది కాలనీల్లో అసలు చిక్కు ఇదే. తండ్రి తరంలో ఎవరికీ ఏ కాగితమూ లేదు, చెరువు గట్టున గుడిసె వేసుకుని బతికినవాళ్లకు ఇంటి నంబరూ లేదు. అలాంటి చోట నెల్లూరులోని యానాదుల ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసుకు కాలనీ మొత్తం ఒకే జాబితాగా అర్జీ ఇస్తే, ఇంటింటికీ విడివిడిగా తిరిగేదాని కంటే త్వరగా పని అవుతుంది. పాత ప్రకాశం పడమటి వైపు దోర్నాల, ఎర్రగొండపాలెం ప్రాంతాల చెంచు గూడేల వాళ్లకు శ్రీశైలం ఐటీడీఏ ఉంది.

కాలనీలో కాక ఊళ్లో గానీ టౌనులో గానీ అద్దెకుండే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఇబ్బంది ఎక్కువ. మీటరు ఇంటి ఓనరు పేర ఉంటుంది, ఆయన వేరే కులం అయితే ఆ సర్వీసుకు ఉచితం పడదు. సొంత ఇల్లు కాలనీ బయట ఉన్నవాళ్లను కూడా కొన్నిచోట్ల మీకు రాదని నోటితో చెప్పి పంపేస్తారు. ఆ మాటతో తిరిగి రావొద్దు. అర్జీ ఇచ్చి, రాదంటే ఎందుకు రాదో రాసి ఇవ్వమనండి. రాసిచ్చిన కారణం మీద పై అధికారికి వెళ్లొచ్చు, నోటిమాట మీద ఎక్కడికీ వెళ్లలేరు.

గుర్తు పడిపోయిన తర్వాత కూడా ప్రతి నెలా ఒక కన్ను వేసి ఉంచాలి. ఎందుకంటే 200 దాటడం ఎప్పుడూ మీ వాడకం వల్లే జరగదు. రీడింగ్ తీసేవాళ్లు ఆలస్యంగా వచ్చి 36 రోజుల వాడకాన్ని ఒకే నెలలో రాస్తే 170 కాల్చే ఇల్లు 200 దాటుతుంది. ఇంటికి తాళం ఉండి డోర్ లాక్ అని రాస్తే ఆ నెల సగటు బిల్లు వస్తుంది, మరుసటి నెల అసలు రీడింగ్ తీసినప్పుడు తేడా అంతా ఒకేసారి పడుతుంది. కూలికి వలస పోయేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. మీటరును ఇంటి లోపల కాకుండా బయట గోడకు, రీడింగ్ తీసేవాళ్లకు అందేటట్టు మార్పించుకుంటే ఈ గొడవ సగం పోతుంది. మార్పించమని సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి, సొంతంగా కదిలిస్తే సీలు తెంచిన కేసు అవుతుంది. మీటరు తిరగకుండా నిలిచిపోతే బిల్లులో స్టకప్ అని వస్తుంది. ఊరికే ఉంది కదా అని వదిలేయొద్దు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చేసి మార్పించండి.

బీసీల్లో, చేతివృత్తుల్లో ఉన్నవాళ్లకు

దారిద్ర్య రేఖకు దిగువనున్న ఎంబీసీ, అంటే అత్యంత వెనుకబడిన కులాల ఇళ్లకు నెలకు 100 యూనిట్ల ఉచితం ఉంది. దీని గురించి ఎస్సీ, ఎస్టీ రాయితీకి తెలిసినంతగా జనానికి తెలియదు. బీసీలు అందరూ ఎంబీసీలు కారు, మీ కులం ఆ జాబితాలో ఉందా అన్నది సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుతో జాబితా తీయించి చూసుకోండి. మిగతా పద్ధతి పైన చెప్పినట్టే, ఏఈ దగ్గర నుంచి ఈఆర్‌ఓకి.

రజకుల లాండ్రీ షాపులకు, నాయీబ్రాహ్మణుల క్షౌరశాలలకు, పేద స్వర్ణకారుల షాపులకు వేరే రాయితీలు ఉన్నాయి. అవి షాపు మీటరుకు వర్తిస్తాయి, ఇంటి మీటరుకు కాదు. ఇంట్లోనే ఒక గదిలో ఇస్త్రీ బల్ల పెట్టుకున్నవాళ్లు రెండూ ఒకే మీటరు మీద నడిపితే రెండు రాయితీల్లో ఏది పడాలో తేలక ఏదీ పడని పరిస్థితి వస్తుంది. షాపుకు వేరే సర్వీసు తీసుకోవడమే దారి.

నేతన్నల విషయానికొస్తే, 2025 ఆగస్టు 7న చేనేత దినోత్సవం రోజు ముఖ్యమంత్రి చేనేత మగ్గాలకు 200 యూనిట్లు, మరమగ్గాలకు 500 యూనిట్లు ఉచితమని ప్రకటించారు. కోవూరు మండలం పాటూరులాంటి చోట్ల మగ్గం ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఇంటి సర్వీస్ నంబరు చేనేత శాఖ జాబితాలో మీ పేరు పక్కన ఉండాలి. జిల్లా చేనేత జౌళి శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో, లేదా మీ సొసైటీలో ఆ జాబితా చూపించమని అడగండి. నేతన్న గుర్తింపు కార్డు, మగ్గం ఫొటో, సర్వీస్ నంబరు దగ్గర పెట్టుకోండి.

300 యూనిట్ల వల

ఇది కొత్త సాయం కాదు, ఉన్న సాయాన్ని పోగొట్టే నిబంధన. రైస్ కార్డుకు పల్లెల్లో నెల ఆదాయం 10 వేలు, పట్టణంలో 12 వేలు మించకూడదు అన్నదాంతోపాటు కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలనే షరతు ఉంది. సచివాలయం వాళ్లు సిక్స్ స్టెప్ వాలిడేషన్ అనేది ఇదే. భూమి, ఆదాయపు పన్ను, నాలుగు చక్రాల బండి, పట్టణంలో ఇంటి విస్తీర్ణం, ప్రభుత్వ ఉద్యోగం, వీటితోపాటు కరెంటు కూడా చూస్తారు. చూసేది మీ ఆధార్‌కు ఏ సర్వీసులు కలిసి ఉన్నాయో వాటి వాడకం.

ఇక్కడ తప్పులు విపరీతం. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో నాలుగు వాటాల ఇంట్లో అద్దెకుండే కుటుంబం అనుకోండి. సర్వే రోజు ఇంట్లో ఉన్న ఆధార్‌ను కింద ఓనరు మీటరుకు కలిపేస్తారు. ఓనరు ఏసీ వేస్తే వీళ్ల పింఛను ఆగిపోతుంది. ఇల్లు ఖాళీ చేసి ఒంగోలు వచ్చినా పాత మీటరు వాళ్ల ఆధార్‌కే అంటుకుని ఉంటుంది.

విప్పుకునే పద్ధతి ఇది. సచివాలయంలో మీ ఆధార్ మీద ఏ సర్వీస్ నంబర్లు ఉన్నాయో చూపించమనండి, నంబర్లు రాసుకోండి. వాటిలో మీది కానిదాని మీద, 'ఈ సర్వీసు నాది కాదు, నేను ఫలానా ఇంట్లో, ఫలానా సర్వీసులో ఉంటున్నాను, నా ఆధార్ తీసేయండి' అని ఆ సర్వీసు ఏ సెక్షన్ కిందిదో ఆ ఏఈ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఇప్పుడుండే సెక్షన్‌లో ఇస్తే పనవదు. అద్దె ఒప్పందం ఉంటే జత చేయండి, లేకపోతే ఓనరుతో సంతకం పెట్టించిన కాగితమైనా సరే. డీసీడింగ్, అంటే మీటరు నుంచి ఆధార్ తీసేయడం అయ్యాక సచివాలయానికి మళ్లీ పోయి, ఆగిన పథకం మీద గ్రీవెన్స్ పెట్టించాలి. మీటరు నుంచి ఆధార్ తీసేయగానే పింఛనో, కార్డో తనంత తాను తిరిగి రాదు. చాలామంది ఈ రెండో అడుగు వేయక నెలలు పోగొట్టుకుంటారు.

వాడకం నిజంగానే 300 దగ్గరికి పోతుంటే ఎక్కడ పోతోందో చూడండి. పాత రకం ఫ్యాను 75 వాట్లు. రోజుకు 20 గంటలు తిరిగితే నెలకు 45 యూనిట్లు. మూడు ఫ్యాన్లంటే అవే 135. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది, అదే వాడకానికి నెలకు 18 యూనిట్లు. ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు రోజూ గంట వేస్తే 22 యూనిట్లు. ఎండాకాలంలో రాత్రీ పగలూ ఫ్యాన్లు ఆగని మన జిల్లాల్లో, 200 గీత మీద ఊగిసలాడే ఇంటికి ఒక్క బీఎల్‌డీసీ ఫ్యాను కొనడం మిగతా చిట్కాలన్నిటికంటే పెద్ద తేడా తెస్తుంది.

గ్యాస్: దీపం-2

ఈ పథకం 2024 నవంబరు 1న మొదలైంది. 14.2 కిలోల సిలిండర్లు ఏడాదికి మూడు. మొత్తం డబ్బు ముందు మీరే డెలివరీ బాయ్‌కి కట్టాలి, తర్వాత బ్యాంకులో పడుతుంది. సిలిండరు అందిన 48 గంటల్లో వేయాలన్నది ప్రభుత్వం చెప్పిన గడువు.

విడతలు ఏప్రిల్ నుంచి జులై, ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు నుంచి మార్చి. ఒక్కో విడతకు ఒక సిలిండరు. ఒక విడతలో బుక్ చేయకపోతే అది తర్వాతి విడతకు కలవదు, పోయినట్టే. గ్యాస్ తక్కువ వాడే ముసలివాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లలో ఇలా పోగొట్టుకోవడం ఎక్కువ. జులై, నవంబరు, మార్చి నెలలు మొదలవగానే ఆ విడత సిలిండరు తీసుకున్నారా లేదా అని చూసుకోండి. నెలాఖరు దాకా ఆగొద్దు.

డబ్బు పడకపోతే కారణం ఈ నాలుగింటిలో ఒకటై ఉంటుంది. మొదటిది, గ్యాస్ ఏజెన్సీలో ఈకేవైసీ కాలేదు. కనెక్షన్ ఎవరి పేర ఉందో వాళ్లు వేలిముద్ర లేదా ముఖం చూపించి చేయించుకోవాలి, దీనికి డబ్బు ఇవ్వక్కర్లేదు. రెండోది, కనెక్షన్ ఉన్న మనిషి పేరు రైస్ కార్డులో లేదు. భర్త పోయాక ఆయన పేరనే నడిచే కనెక్షన్లు, వేరు కాపురం పెట్టిన కొడుకు పేర ఉన్నవి ఇలా ఆగిపోతాయి. మరణ ధ్రువపత్రంతో ఏజెన్సీలో కనెక్షన్ భార్య పేరకు మార్పించాలి. మూడోది, ఒకే రైస్ కార్డులో రెండు కనెక్షన్లు ఉన్నాయి, కుటుంబానికి ఒకదానికే సాయం. నాలుగోది, బ్యాంకు.

బ్యాంకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డబ్బు ఖాతా నంబరు చూసి పడదు, ఆధార్ చూసి పడుతుంది. మీ ఆధార్ చివరిగా ఏ బ్యాంకుకు కలిపారో అందులోకి పోతుంది. డ్వాక్రా కోసమో, ఉపాధి హామీ కోసమో ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలో డబ్బు పడి ఉంటుంది, మీరేమో రాలేదని తిరుగుతుంటారు. ఆధార్‌కు కలిసిన ఫోనులో *99*99*1# కొట్టి ఆధార్ నంబరు ఇస్తే ఏ బ్యాంకుకు కలిసిందో వస్తుంది. అది మూతపడిన ఖాతా అయితే, ఇప్పుడు వాడే బ్యాంకుకు పోయి ఆధార్ సీడింగ్ చేయమని ఫారం ఇవ్వండి. ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే సర్కారు డబ్బు ఈ ఖాతాలోనే పడేలా ఆధార్ కలపడం, అని స్పష్టంగా చెప్పండి. ఉత్త ఆధార్ నకలు ఇచ్చి కేవైసీ చేసుకొస్తే సరిపోదు, అది వేరే పని. బ్యాంకులో తిప్పుతుంటే పోస్టాఫీసులో ఐపీపీబీ (తపాలా శాఖ పేమెంట్స్ బ్యాంకు) ఖాతా తెరిస్తే ఆధార్ అక్కడే కలుపుతారు.

ఉజ్వల కనెక్షన్ ఉన్నవాళ్లకు కేంద్రం సిలిండరుకు 300 రూపాయలు వేరుగా వేస్తుంది. 2025-26లో ఏడాదికి 9 సిలిండర్ల దాకా. కాబట్టి దీపం డబ్బు తక్కువ పడిందని కంగారు పడకండి, రెండు వైపుల నుంచి వచ్చినవి కలిపి చూసుకోండి. డబ్బు రాకుంటే 1967కి ఫోను చేయండి, బుకింగ్ నంబరు, డెలివరీ తేదీ అడుగుతారు. గ్యాస్ వచ్చినప్పుడు ఇచ్చే బిల్లు పారేయకండి. బిల్లు మీదున్న ధర కంటే ఎక్కువ తీసుకుంటే అది సాయంలో తిరిగి రాదు.

సోలార్ ఎవరికి పనికొస్తుంది

మిద్దె మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలకు మించదు. ఒక కిలోవాట్‌కు దాదాపు 10 చదరపు మీటర్ల నీడ పడని మిద్దె కావాలి. మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి.

నెలకు 60, 70 యూనిట్లు కాల్చే ఇల్లు అప్పు చేసి సోలార్ పెట్టుకోవద్దు. బిల్లే రెండు వందల లోపు ఉంటే వాయిదా అంతకంటే ఎక్కువ అవుతుంది. 200 పైన కాల్చేవాళ్లకు, ఏ ఉచితమూ రానివాళ్లకు లాభం. బీసీలకు రాష్ట్రం 2 కిలోవాట్లకు అదనంగా 20 వేలు ఇస్తామని చెప్పింది, కేంద్రం 60 వేలతో కలిపి 80 వేలు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టే పథకం డిస్కం ద్వారా నడుస్తోంది. దానికి పేరు ఎక్కించుకోవాల్సింది సెక్షన్ ఆఫీసులోనే. జాబితాలో పేరు పెడతామని ఎవరు డబ్బు అడిగినా ఇవ్వొద్దు.

సబ్సిడీ ముందు రాదు. ప్యానెల్ పెట్టి, మీరు ఇచ్చిన కరెంటు, తీసుకున్న కరెంటు రెండూ లెక్కించే నెట్ మీటరు బిగించి, డిస్కం తనిఖీ అయ్యాక పడుతుంది. అందుకే దరఖాస్తులో పేరు, బిల్లులో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒకటిగా ఉండాలి. పీఎం సూర్యఘర్ వెబ్‌సైట్‌లో నమోదైన వెండర్ కాకపోతే సబ్సిడీ రాదు. రేకుల ఇళ్లకు పెట్టించేముందు దూలాలు మోస్తాయో లేదో మేస్త్రీతో చూపించండి. సముద్రం దగ్గరి కొత్తపట్నం, మైపాడు లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి స్టాండు తుప్పు పడుతుంది, గాల్వనైజ్డ్ స్టాండు అని ఒప్పందంలో రాయించండి.

కట్టలేకపోతే, బిల్లు తప్పనిపిస్తే

ఫ్యూజు పీకుతారన్న భయంతో వడ్డీకి తెచ్చి కట్టేవాళ్లు చాలామంది. చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. విద్యుత్ చట్టం 2003లో 56వ సెక్షన్ ప్రకారం బాకీకి కరెంటు తీయాలంటే 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పని మీరు అనుకుంటే, అడిగిన మొత్తాన్ని నిరసనతో కట్టొచ్చు, లేదా గత ఆరు నెలల సగటు ప్రకారం కట్టొచ్చు. అలా కట్టి ఉంటే వివాదం తేలేదాకా కరెంటు తీయకూడదు. రెండేళ్ల కిందటి బాకీ ఒక్కసారిగా వసూలు చేయలేరు, అది ప్రతి బిల్లులో బాకీగా చూపిస్తూ వచ్చి ఉండాలి. ఇల్లు కొన్నాక పాత ఓనరు బాకీ అని ఏదో మొత్తం వస్తే ముందు ఇదే అడగండి.

అర్జీలో ఈ మాట రాయండి: 'సర్వీస్ నంబరు ఇంత, ఫలానా నెల బిల్లు ఇంత వచ్చింది, మా ఆరు నెలల సగటు ఇంత, ఆ సగటు మొత్తం 56వ సెక్షన్ ప్రకారం కడుతున్నాం, మీటరు పరీక్షించి బిల్లు సవరించగలరు.' ఆరు నెలల బిల్లుల నకళ్లు, మీటరు ఫొటో తేదీతో జత చేయండి. నిజంగా వాడిన కరెంటే, కట్టలేని పరిస్థితి అయితే అదే ఏఈకి వాయిదాల్లో కట్టుకునే అవకాశం అడుగుతూ రాయండి. గడువు తేదీకి ముందు అడిగినవాళ్లకు దొరికే మన్నన, తీగ తీసేశాక అడిగినవాళ్లకు దొరకదు. పైగా తిరిగి కలిపే ఛార్జీ కూడా పడుతుంది.

రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకు ఫోను చేయండి అని మెసేజ్ వస్తే అది దొంగల పని. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) తెరిస్తే ఖాతా ఖాళీ అవుతుంది. డిస్కం వాళ్లు ఓటీపీ అడగరు.

ఫిర్యాదు వరస ఇది. ముందు 1912, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. అక్కడ కదలకపోతే ఏఈ, ఆపైన డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు). అదీ కాకపోతే సోమవారం నెల్లూరు, ఒంగోలు కలెక్టరేట్లలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ, లేదా 1100కి ఫోను. అక్కడ ఇచ్చే రసీదు మీద నంబరుతో అర్జీ ఎక్కడ ఆగిందో చూడొచ్చు. సమస్య తీరకుండానే పరిష్కారమైందని మూసేస్తే అదే నంబరు చెప్పి మళ్లీ తెరిపించండి.

బిల్లు, మీటరు, పేరు మార్పిడి వివాదాలకు విద్యుత్ వినియోగదారుల ఫోరం ఉంది. ఎస్పీడీసీఎల్ వాళ్లది తిరుపతిలో, సీపీడీసీఎల్ వాళ్లది విజయవాడలో. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తపాలాలో కూడా పంపొచ్చు. ముద్ర వేయించుకున్న పాత అర్జీ నకళ్లు ఇక్కడే అక్కరకొస్తాయి. ఫోరం తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.